రోజుకో గంట

1970లలో బ్రిటన్ తపాలా శాఖకు ఒక చిక్కు వచ్చిపడింది. దేశమంతటా పోస్ట్‌కోడ్‌లు అమల్లోకి వస్తున్నాయి. సార్టింగ్ గదిలో ఉత్తరాన్ని చూసి చేత్తో గడిలో పడేసే రోజులు పోయి, కీబోర్డు మీద కోడ్ కొడితే యంత్రమే వేరుచేసే రోజులు వస్తున్నాయి. డబ్బు పెడితే యంత్రాలు దొరుకుతాయి. టైపు కొట్టి ఎరగని పోస్ట్‌మన్‌ల వేళ్లకు ఆ విద్య అబ్బేదెలా? డ్యూటీ తప్పించి రోజంతా కూర్చోబెట్టి నేర్పాలా, రోజుకు కాసేపు చొప్పున నేర్పాలా?

మనస్తత్వ శాస్త్రవేత్త అలన్ బాడెలీ, ఆయన సహచరుడు లాంగ్‌మన్ ఈ ప్రశ్నకు ప్రయోగం చేసి జవాబు చెప్పారు. 72 మంది పోస్ట్‌మన్‌లను నాలుగు జట్లు చేశారు. మొదటి జట్టుకు రోజుకు ఒకే ఒక్క గంట శిక్షణ. రెండో జట్టుకు ఏకబిగిన రెండు గంటలు. మూడో జట్టుకూ రెండు గంటలే, కాకపోతే విడివిడిగా. నాలుగో జట్టుకు రెండు విడతల్లో మొత్తం నాలుగు గంటలు. 1978లో ఫలితాలు అచ్చయ్యాయి. కీబోర్డు మీద అక్షరాల చోట్లు పట్టుబడడానికి రోజుకో గంట జట్టుకు దాదాపు 35 గంటలు సరిపోయాయి. నాలుగు గంటల జట్టుకు దాదాపు 50 గంటలు పట్టింది. తర్వాత వేగం పెంచుకోవడంలోనూ అదే తేడా. మొదటి జట్టు 55 గంటల్లో చేరిన చోటికి నాలుగో జట్టు 80 గంటలకు గానీ చేరలేదు. కొన్ని నెలలు వదిలేసి మళ్లీ పరీక్ష పెడితే, నేర్చింది ఎక్కువగా జారిపోయింది కూడా నాలుగో జట్టు చేతుల్లోంచే.

గంటల లెక్కలో గెలిచినవాళ్లు క్యాలెండర్ లెక్కలో మాత్రం వెనకబడ్డారు. రోజుకో గంట చొప్పున, వారానికి ఐదు రోజులు కూర్చుంటే 35 గంటలు పూర్తికావడానికి ఏడు వారాలు కావాలి. రోజుకు నాలుగు గంటల లెక్కన 50 గంటలు రెండున్నర వారాల్లో అయిపోతాయి. అందుకే ఏ పద్ధతి నచ్చిందని అడిగినప్పుడు అందరికన్నా ఎక్కువ అసంతృప్తి రోజుకో గంట జట్టులోనే కనబడింది. పక్కవాళ్లు ముందుకు దూసుకుపోతున్నారు, మనం ఇక్కడే ఉన్నాం అని వాళ్ల బాధ. ఒక్కో గంటకు తక్కువ నేర్చుకున్న నాలుగు గంటల జట్టేమో తమ శిక్షణతో హాయిగా ఉంది.

రోజులకు పంచుకుని నేర్చుకుంటే మేలన్న సంగతికి అప్పటికే దాదాపు వందేళ్ల చరిత్ర ఉంది. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ అర్థం పర్థం లేని అక్షర కూర్పుల వరుసలను తానే బట్టీపట్టి, తన మతిమరుపును తానే కొలుచుకుని 1885లో పుస్తకం వేశాడు. 12 కూర్పుల వరుసను ఒకేరోజు 68 సార్లు వల్లించడానికి బదులు, మూడు రోజులకు పంచి 38 సార్లు వల్లించినా ఫలితం అంతే బాగా ఉందని అందులో రాశాడు. పరీక్ష ముందు రాత్రి కాఫీ ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చునే విద్యార్థి, కావలసినదానికి దాదాపు రెట్టింపు చాకిరీ చేస్తున్నాడన్నమాట.

కొద్దికొద్దిగా, రోజూ చేసే పనికి అంత బలం ఎక్కడిది? వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల్లో దీనికి తరచూ వినిపించే జవాబు చక్రవడ్డీ లెక్క. రోజుకు ఒక్క శాతం మెరుగుపడితే చాలు, ఏడాది తిరిగేసరికి 37 రెట్లు మెరుగవుతారు అంటారు. గుణకారం వరకు తప్పు లేదు. 1.01ని 365 సార్లు హెచ్చవేస్తే 37.78 వస్తుంది. ఆ అంకెను ఒక మనిషికి తగిలించి చూస్తే అసలు సంగతి తేలుతుంది. నిమిషానికి 20 మాటలు టైపు చేసేవాడు ఏడాదిలో 755 మాటలు కొట్టాలి. గంటకు 10 కిలోమీటర్లు పరుగెత్తే మనిషి బుల్లెట్ రైలును దాటిపోవాలి. బ్యాంకులో అసలు పెరిగిన కొద్దీ వడ్డీ పెరుగుతుంది. విద్య దగ్గర జరిగేది ఇందుకు నేరుగా ఎదురు. మొదట్లో ఇబ్బడిముబ్బడిగా వచ్చే లాభం, చెయ్యి తిరిగేకొద్దీ పలచబడుతుంది.

ఆ పలచబడడానికీ ఒక క్రమం ఉంది. బ్రిటిష్ పరిశోధకుడు క్రాస్‌మన్ చుట్టల ఫ్యాక్టరీలో యంత్రం మీద పనిచేసేవారిని గమనించి 1959లో ఒక పత్రం ప్రచురించాడు. కొత్తగా చేరినవారి దగ్గర్నుంచి కోటి చుట్టలకు పైగా చుట్టినవారి దాకా, ఒక్కో చుట్టకు పట్టే కాలాన్ని పోల్చి చూశాడు. రెండేళ్లు గడిచాక కూడా, లక్షల్లో చుట్టలు చుట్టాక కూడా, ఆ కాలం ఇంకా తగ్గుతూనే ఉంది. చివరికి అది ఆగింది యంత్రం అంతకన్నా వేగంగా తిరగలేని చోట. 1981లో న్యూవెల్, రోజెన్‌బ్లూమ్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు ఇలాంటి ఎన్నో ప్రయోగాల అంకెలు పోగుచేసి, వాటిలో చాలావరకు ఒకే తరహా వంపు ఉందని చూపించారు. ఒక పని వందోసారి చేసినప్పుడు 10 నిమిషాలు పట్టి, 200వ సారికి 8 నిమిషాలకు దిగిందనుకుందాం. మళ్లీ అదే వాటా తగ్గి 6.4 నిమిషాలు కావాలంటే 400వ సారి దాకా, 5.12 కావాలంటే 800వ సారి దాకా చెయ్యాలి. 100 నుంచి 200 దాకా చేసిన వందకు దక్కిన ప్రతిఫలం కోసం తర్వాత రెండు వందలు, ఆ తర్వాత నాలుగు వందలు పెట్టుకోవాలి.

కాబట్టి రోజువారీ సాధనలో మూడో నెలలో నీరసం రావడం వింతేమీ కాదు. మొదటి నెలలో కళ్లకు కనబడిన మార్పు ఇప్పుడు కొలిస్తే తప్ప కనబడదు.

కొలిచినా కనబడని దశ కూడా ఉంటుందని మొదట చెప్పినవాళ్లు టెలిగ్రాఫ్‌ను పరిశీలించినవారు. అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం లోవ్ బ్రయన్, నోబుల్ హార్టర్ 1897లోనూ, 1899లోనూ టెలిగ్రాఫ్ నేర్చుకునేవారి ప్రగతిని వారం వారం గీతలుగా గీశారు. హార్టర్ స్వయంగా టెలిగ్రాఫ్ పని చేసినవాడు. సందేశం పంపడంలో వేగం నున్నగా పెరిగింది. వినడంలో అలా జరగలేదు. కొంత ఎత్తు చేరాక వారాల తరబడి గీత అడ్డంగా సాగింది, ఆ తర్వాత ఒక్కసారిగా లేచింది. వాళ్లిచ్చిన వివరణ ఇది: కొత్తవాడు టెలిగ్రాఫ్ టకటక శబ్దంలో ఒక్కో అక్షరం వింటాడు. అది అలవాటయ్యాక మాటలు వింటాడు. మాటలు అప్రయత్నంగా వినపడ్డాక వాక్యపు ముక్కలు వింటాడు. కింది మెట్టు పూర్తిగా ఒంటబట్టేదాకా పై మెట్టు అందదు. ఆ మధ్యకాలమే చదును. అయితే తర్వాతి కాలంలో టెలిగ్రాఫ్ భాష అయిన మోర్స్ కోడ్ శిక్షణ లెక్కలు చూసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడ్ కెల్లర్‌కు అలాంటి చదును కనబడలేదు. 1958లో దాన్ని మాయ చదును అని పిలుస్తూ వ్యాసమే రాశాడు. చదును అందరికీ తప్పని గండం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. అక్షరాల నుంచి మాటలకు, మాటల నుంచి పదబంధాలకు గుత్తులు కట్టుకునే సంగతి మాత్రం తర్వాతి పరిశోధనల్లో గట్టిపడింది.

ఆ గుత్తులు ఎలా పుడతాయో దగ్గర్నుంచి చూపించిన ప్రయోగం పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జరిగింది. ఫలితాలు 1980లో సైన్స్ పత్రికలో వచ్చాయి. స్టీవ్ ఫాలూన్ అనే విద్యార్థి. తెలివితేటలు సగటు, జ్ఞాపకశక్తి సగటు. పరిశోధకులు అండర్స్ ఎరిక్సన్, విలియం చేజ్ అతనికి సెకనుకు ఒకటి చొప్పున అంకెలు చదివి వినిపిస్తారు. అతను అదే వరుసలో తిరిగి చెప్పాలి. సరిగ్గా చెబితే తర్వాతి వరుసకు ఒక అంకె కలుపుతారు. తప్పు చెబితే ఒక అంకె తీసేస్తారు. అంతే నియమం. రోజుకు గంట, వారానికి మూడు నుంచి ఐదు రోజులు.

మొదట్లో అందరిలాగే అతనూ ఏడు అంకెల దగ్గర ఆగిపోయాడు. ఎనిమిది ఎప్పుడో గానీ రాలేదు. నాలుగు రోజులు అలా గడిచాక అతనికి ఒక ఉపాయం తట్టింది. అతను దూరం పరుగుల పందేల్లో పాల్గొనేవాడు, పరుగు సమయాలు నోటికి వచ్చు. 3492 వినబడితే నాలుగు అంకెలుగా వినడం మానేశాడు. మైలు పరుగులో 3 నిమిషాల 49.2 సెకన్లు, ప్రపంచ రికార్డుకు దగ్గర్లో ఉన్న సమయం. నాలుగు అంకెలు ఒక్క గుత్తిగా మారాయి. పరుగు సమయంగా కుదరని అంకెల్ని మనుషుల వయసుగా మార్చాడు. కొన్నాళ్లకు గుత్తులు ఎక్కువై, ఏది ముందో ఏది వెనకో తికమక మొదలైంది. అప్పుడు గుత్తుల్ని పెద్ద గుత్తులుగా కట్టాడు. ఆగిపోయిన ప్రతిసారీ అతను మార్చుకున్నది పద్ధతినే. ఏడాదిన్నరకు పైగా, 230 గంటలకు పైచిలుకు సాధన తర్వాత 79 అంకెలు ఒక్కసారి విని తిరిగి చెప్పగలిగాడు.

ఆ దశలో పరిశోధకులు అంకెలు ఆపి ఇంగ్లీషు హల్లులు చదివారు. ఆరు హల్లుల దగ్గర ఆగిపోయాడు. 230 గంటల శ్రమ అతని జ్ఞాపకశక్తిని పెంచలేదు, అంకెలను పట్టుకునే ఒక నేర్పును మాత్రమే కట్టింది. రోజూ సుడోకు చేస్తే మొత్తం మెదడే పదునెక్కుతుందనుకునేవారు ఈ ఆరు హల్లుల సంగతి గుర్తుంచుకోవాలి.

అవధానం చూసిన తెలుగువారికి ఇందులో కొంత పరిచయమైన దారి కనబడుతుంది. అష్టావధానం చివర ధారణలో అవధాని అప్పటిదాకా పాదం పాదంగా చెప్పిన పద్యాలన్నీ ఏకధాటిగా అప్పజెప్తారు. ఒక్కో పృచ్ఛకుడికి ఒక్కో పాదం చెబుతూ, మధ్యలో అప్రస్తుత ప్రసంగానికి జవాబిస్తూ, గంట కొట్టిన లెక్క చూసుకుంటూ కట్టిన పద్యాలవి. గణాలు, యతి, ప్రాస ఇక్కడ అందం కోసమే లేవు. అవి ప్రతి అక్షరానికీ ఒక చోటు ఇస్తాయి. చోటు తప్పితే నడక తప్పుతుంది, ఆ తప్పు చెప్పేవారికీ వినేవారికీ వెంటనే తెలుస్తుంది.

తప్పు వెంటనే తెలియడం అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. ఫాలూన్‌కు ప్రతి వరుస తర్వాత ఒప్పో తప్పో తెలిసేది, మెట్టు దాని ప్రకారమే పెరిగేది, తగ్గేది. ఈ రెండూ లేకపోతే రోజూ చేసే పని ఎన్నేళ్లయినా ఉన్నచోటే ఉండవచ్చు. వైద్యుల అనుభవానికీ వారి వైద్యం నాణ్యతకూ ఉన్న సంబంధంపై 62 అధ్యయనాలను ఒకచోట చేర్చి 2005లో ఒక సమీక్ష వెలువడింది. వాటిలో సగానికి పైగా, సర్వీసు పెరిగినకొద్దీ నాణ్యత అన్ని కొలతల్లోనూ తగ్గినట్టు చూపించాయి. రోజూ రోగుల్ని చూసేవారే వారంతా. మందు రాసిచ్చి పంపిన రోగి ఆ తర్వాత ఏమయ్యాడో తెలిసే ఏర్పాటు మాత్రం చాలాచోట్ల ఉండదు.

ఇక శరీరం వైపు వద్దాం. సాధన చేసే గంట ఎంత ముఖ్యమో మిగతా 23 గంటలూ అంత ముఖ్యమని గత పాతికేళ్ల ప్రయోగాలు చెబుతున్నాయి. 2002లో హార్వర్డ్‌లో మాథ్యూ వాకర్ బృందం కొందరికి వాటం లేని చేతి వేళ్లతో 4-1-3-2-4 వరుసలో మీటలు నొక్కడం నేర్పింది. ఉదయం నేర్పి రాత్రికి పరీక్ష పెడితే పెద్దగా మార్పు లేదు. ఒక రాత్రి నిద్ర తర్వాత, మధ్యలో ఒక్కసారి కూడా సాధన చెయ్యకుండానే, వేగం 20 శాతం దాకా పెరిగింది. నాలుగు గంటలు ఒకేరోజు కూర్చుంటే సాధన తర్వాత వచ్చే రాత్రి ఒక్కటే. నాలుగు రోజులకు పంచితే నాలుగు రాత్రులు. పోస్ట్‌మన్‌ల ఫలితం వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి. ఇంకో కారణం మతిమరుపే. నిన్నటిది సగం మరిచి ఈరోజు గుర్తు చేసుకోవడం కష్టంగా ఉంటుంది, ఆ కష్టపడి గుర్తు చేసుకోవడమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది. ఇందాకే చదివింది మళ్లీ చదివితే ఆ కష్టం ఉండదు. అన్నీ వచ్చేసినట్టు భ్రమ మిగులుతుంది. నాలుగు గంటల జట్టు సంతృప్తికి మూలం అందులోనూ కొంత ఉండవచ్చు.

నెలలు, ఏళ్లు గడిస్తే మెదడు ఆకారంలోనే తేడా వస్తుంది. లండన్ ట్యాక్సీ లైసెన్సుకు చేరింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్ల పరిధిలో ఉన్న దాదాపు 25,000 వీధులు నోటికి రావాలి. దానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఎలియనోర్ మగ్వైర్, క్యాథరిన్ వూలెట్ 79 మంది అభ్యర్థుల మెదళ్లను శిక్షణకు ముందు, వారిలో చాలామందివి తర్వాత కూడా స్కాన్ చేసి 2011లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 39 మంది నెగ్గారు. దారులు గుర్తుపెట్టుకునే హిప్పోక్యాంపస్ వెనుక భాగం పెరిగింది ఆ నెగ్గినవారిలోనే. మొదట్లో స్కాన్ చూసి ఎవరు నెగ్గుతారో చెప్పగలిగే తేడా ఏదీ లేదు.

కండకూ ఎముకకూ మరో గడియారం ఉంది. జిమ్‌లో చేరిన తొలి వారాల్లో బరువులు తేలికవుతున్నట్టు అనిపించడానికి ముఖ్య కారణం కండ పెరగడం కాదు, ఉన్న కండనే నాడులు మెరుగ్గా వాడుకోవడం. కండ లావెక్కేది ఆ తర్వాత. ఎముక ఇంకా నిదానం. ఒత్తిడి పడ్డచోట పాత ఎముకను కణాలు కొన్ని వారాల్లో తొలిచేస్తాయి, కొత్తది నింపి గట్టిపరచడానికి నెలలు పడుతుంది. ఈ మధ్యలో ఎముక కొంతకాలం బలహీనంగానే ఉంటుంది. ఊపిరి, కాళ్లు సహకరిస్తున్నాయి కదా అని కొత్త రన్నర్ ఒక్కసారిగా దూరం పెంచితే కాలి ఎముకకు సన్న పగులు వచ్చేది ఈ కాలంలోనే. సైన్యంలో కొత్తగా చేరినవారిలో ఈ గాయం వైద్యులకు బాగా తెలిసినదే. చిన్న మోతాదు ఇక్కడ ఓపికకు పరీక్ష కాదు, ఎముక నిండే వేగానికి తగ్గ లెక్క.

ఇంత నిదానంగా ఫలితమిచ్చే పనిని రోజూ మొదలుపెట్టేదెలా అన్నది వేరే సమస్య. 21 రోజులు చేస్తే అలవాటైపోతుందన్న మాటకు మూలం 1960లో వచ్చిన మాక్స్‌వెల్ మాల్ట్జ్ పుస్తకం. ప్లాస్టిక్ సర్జన్ అయిన ఆయన, తన రోగులు కొత్త ముఖానికి అలవాటు పడడానికి కనీసం 21 రోజులు పడుతోందని గమనించి రాశాడు. కనీసం అన్న మాట దారిలో ఎక్కడో జారిపోయింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం దీన్ని నిజంగా కొలిచింది. 96 మంది తలా ఒక చిన్న పని ఎంచుకున్నారు: మధ్యాహ్న భోజనంతో ఒక పండు, లేదా రాత్రి భోజనానికి ముందు 15 నిమిషాల పరుగు లాంటివి. 84 రోజుల పాటు ఆ పని ఎంత అప్రయత్నంగా జరుగుతోందో రోజూ నమోదు చేశారు. గీత చక్కగా కుదిరిన 39 మందిలో మధ్యస్థం 66 రోజులు. వేగంగా కుదిరినవారికి 18, గీతను ముందుకు పొడిగించి లెక్కిస్తే అందరికన్నా నిదానంగా ఉన్నవారికి 254. నీళ్లు తాగడం, పండు తినడం కన్నా వ్యాయామం అలవాటు కావడానికి ఒకటిన్నర రెట్ల కాలం పట్టింది. ఒకరోజు మానేస్తే మొత్తం పోయినట్టేనన్న భయానికి మాత్రం ఆధారం దొరకలేదు. ఒక్క రోజు తప్పినందువల్ల గీతలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

సంపాదించింది నిలబెట్టుకోవడానికి ఎంత కావాలి? మెదడు విషయంలో తేలిగ్గా జారిపోయే ఉదాహరణ ఉంది. జర్మనీలో మూడు నెలలు మూడు బంతులు ఎగరేయడం నేర్చుకున్నవారి మెదడులో కొన్ని భాగాలు పెరిగాయని 2004లో తేలింది. మరో మూడు నెలలు మానేస్తే ఆ పెరుగుదల చాలావరకు తగ్గిపోయింది. కండ విషయంలో లెక్క కాస్త దయగా ఉంది. అమెరికాలో బర్మింగ్‌హమ్‌లోని అలబామా విశ్వవిద్యాలయం 70 మందితో 16 వారాల పాటు కాళ్లకు బరువుల కసరత్తు చేయించింది. మూడు రకాల వ్యాయామాలు, ఒక్కోటి మూడు సెట్లు, వారానికి మూడు రోజులు. తర్వాత 32 వారాలు కొందరిని పూర్తిగా మాన్పించింది, కొందరికి మోతాదు మూడో వంతుకు, మరికొందరికి తొమ్మిదో వంతుకు తగ్గించింది. తొమ్మిదో వంతు అంటే వారానికి ఒక్క రోజు, ఒక్కో వ్యాయామం ఒక్కో సెట్టు. 20 నుంచి 35 ఏళ్ల వారికి కట్టిన కండ నిలబెట్టుకోవడానికి అదే సరిపోయింది. 60 దాటినవారికి ఆ మోతాదులు చాలక కండ కొంత కరిగింది. అయినా కండ పరిమాణంతో పోల్చి చూసిన వారి బలం, కసరత్తు చెయ్యని యువకుల స్థాయి కన్నా మాత్రం తగ్గలేదు.